మా మామ్మ గోడమీది గీతలు

ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో నేను సోంపేట ప్రాంతమందలి యొక ప్రాథమిక పాఠశాలలో కొంతకాలము పాఠములు చెప్పవలసి వచ్చెను. ఒకనాడు మూడవ తరగతి పిల్లలకు పెంపుడు జంతువులను గూర్చి చెప్పుచుంటిని. ఆవు పాలిచ్చును, కోడి గ్రుడ్లు పెట్టును, కుక్క యిల్లు గాచును అని పుస్తకములో నున్నదానినే వల్లించుచుండగా, ముందువరుసలోని యొక బాలిక లేచి, "మేష్టారండీ! కోడి గ్రుడ్డు పెట్టి, పొదిగి, పిల్లను చేయును గదా. ఆవు గ్రుడ్డు పెట్టకయే దూడ నెట్లు కనును? ఎప్పుడు ఈనవలెనో దాని కెవరు చెప్పుదురు?" అని యడిగెను. తక్కిన పిల్లలు గొల్లున నవ్విరి. నేను నవ్వలేకపోయితిని. ఏలయన, చిన్ననాడు నేను మా మామ్మ నడిగిన ప్రశ్నయు నదియే. దానికి సమాధానమును నేను పుస్తకములో గాక, మా పశువులసాల గోడమీద నేర్చుకొంటిని. ఆ చదువునకు నే నిచ్చిన మూల్యమును జెప్పుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మా పల్లె సోంపేటకు తూర్పుగా, బీలకును సముద్రమునకును నడుమ నున్నది. ఇంటిచుట్టును కొబ్బరిచెట్లు, వెనుక జీడిమామిడి తోట, ప్రక్కన మట్టిగోడల పశువులసాల. అందులో గౌరి యను ముసలి యావు, నల్లమ్మ యను గేదె, రెండు మేకలు నుండెడివి. మూల గంపలక్రింద కోళ్లు. వాకిట నొక కుక్క. మా మామ్మకు అక్షరములు రావు. అయినను ఆమె సాలగోడపై బొగ్గుతో గీతలు గీచి లెక్క వ్రాసికొనెడిది. కోడిని పొదుగు వేసిన దినము మొదలుకొని దినమున కొక చిన్న గీత. మేకగాని, ఆవుగాని, గేదెగాని చూలు నిలిచినది మొదలుకొని నెల నిండినపుడెల్ల నొక పెద్ద గీత. ఆమె నెల చంద్రుని నెల. కోడికి ఇరువదియొక్క చిన్నగీతలు. మేకకు అయిదు పెద్దగీతలు. ఆవుకు తొమ్మిది దాటి పదవది పడకమునుపు. గేదెకు పది దాటి పదునొకండవది పడకమునుపు. పిదప పుస్తకములలో చూడగా మేకకు సుమారు 150 దినములు, ఆవుకు 280, గేదెకు 310 అని యుండెను. మామ్మ గీతలకును పుస్తకములకును భేద మేమియు నాకు కనబడలేదు.

నేను మొదట తెలిసికొన్నది కోడి సంగతి. గ్రుడ్లన్నియు పిల్లలు కావని మామ్మయే చెప్పెను. పుంజుతో జతగూడని పెట్టయు గ్రుడ్లు పెట్టును. అవి తినుటకు పనికివచ్చును గాని, ఎన్నినాళ్లు పొదిగినను పిల్లలు కాజాలవు. జతగూడినపుడు పుంజు బీజము పెట్ట కడుపులోని యండముతో గలియును. ఆ పిమ్మట దానిచుట్టు తెల్లసొనయు, పలుచని పొరలును, తుదకు పెంకును ఏర్పడును. పచ్చసొనపై కనబడు చిన్న తెల్లచుక్కయే పిల్లకు మొదలు. పచ్చసొన దాని యాహారము. పెంకునకు గల సన్నని రంధ్రములగుండ గాలి లోనికి పోవుచుండును. ఏడవనాటి రాత్రి మామ్మ గ్రుడ్డును దీపమున కెదురుగా పట్టి చూపెడిది. జీవమున్న గ్రుడ్డులో ఎఱ్ఱని సన్ననరములు సాలెగూడువలె కనబడును. అట్లు కనబడనిదానిని తీసివేసెడిది.

పెట్ట పొదుగుటకు కూర్చున్న తరువాత దాని స్వభావమే మాఱిపోవును. దినమున కొక్కసారి గింజలకును నీటికిని లేచి, త్వరగా తిని, మరల పరుగున వచ్చి కూర్చుండును. దగ్గఱకు పోయిన ఈకలు నిక్కించి పొడుచును. దాని ఱొమ్మునందలి యీకలు రాలి, వెచ్చని చర్మము గ్రుడ్లకు తగులును. ముక్కుతో గ్రుడ్లను పలుమాఱు త్రిప్పుచుండును. త్రిప్పనిచో లోనిపిండము పొర కంటుకొని చచ్చును. ఈ పని దాని కెవరును నేర్పలేదు.

నాకు తొమ్మిదేండ్ల వయస్సున మా పొడలకోడి పదునొకండు గ్రుడ్లు పొదిగెను. ఇరువదియొకటవ గీత పడిన యుదయమున నేను గంపయొద్దనే కూర్చుంటిని. ఒక గ్రుడ్డునకు చిన్న బీట పడెను. లోపలినుండి కీచుమను సన్నని ధ్వని వినవచ్చెను. గంట గడచెను, రెండు గంటలు గడచెను, బీట పెద్దది కాలేదు. పిల్ల బయటికి రాలేక బాధపడుచున్నదని నాకు తోచెను. మామ్మ బావియొద్దకు పోయిన సమయమున నేను గోటితో పెంకును కొద్దికొద్దిగా ఒలిచితిని. పొరనుండి రక్తము వచ్చెను. పిల్ల తడిసిన దూదివలె నా చేతిలో వాలి, కొంతసేపు వణకి, కదలక యుండెను.

మామ్మ నన్ను కొట్టలేదు. చచ్చిన పిల్లను చేతిలోనికి తీసికొని, దాని బొడ్డుకడ నింకను వ్రేలాడుచున్న పచ్చసొనను చూపి, "దీని సద్దిమూట యింకను లోపలికి పోలేదు, బాబూ" అనెను. ఆ మాట కర్థము నాకు పెద్దయైన పిమ్మట గాని తెలియలేదు. పిల్ల పెంకును మొదట కొట్టినది మొదలు బయటికి వచ్చువఱకు కొన్నిసార్లు ఒక పగలును రాత్రియు పట్టును. ఆ కాలమున అది ఊరక యుండదు. చుట్టునున్న పొరలలోని రక్తమును తన దేహములోనికి తీసికొనును. మిగిలిన పచ్చసొనను కడుపులోనికి లాగుకొనును. ఆ సొన దానికి రెండు దినముల యాహారము. కావుననే తక్కిన గ్రుడ్లు చిట్లువఱకు తల్లి కదలకున్నను మొదటిపిల్ల ఆకలితో చావదు. నేను సాయమని తలచి చేసినది దాని సద్దిమూటను విప్పి పాఱవేయుటయే.

మఱుసటి సంవత్సరము మామ్మ అదే కోడిక్రింద అయిదు బాతుగ్రుడ్లు పెట్టెను. ఇరువదియొక్క గీతలు నిండినను అవి చిట్లలేదు. బాతుగ్రుడ్డునకు ఇరువది యెనిమిది దినములు కావలెను. కోడి యలసటపడక ఆ యేడు దినములును కూర్చుండెను. పిల్లలు పుట్టి, కొన్నాళ్లకు వాననీటి గుంటను చూడగానే అందులోనికి దిగి ఈదసాగెను. పాపము! ఆ కోడి గట్టుమీద అటునిటు పరుగులిడుచు, ఱెక్కలు కొట్టుకొనుచు అఱచుచుండెను. మేము నవ్వితిమి. అయితే బాతుపిల్లలు నీటినుండి వచ్చి మరల ఆ కోడి వెనుకనే నడచినవి. పుట్టగానే తాము మొదట వెంబడించిన జీవినే యవి తల్లిగా నెంచును. ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్ 1930 దశకమున బాతుజాతి పక్షులయందు ఈ సంగతిని శ్రద్ధతో పరిశీలించెను. జంతువుల నడవడిని గూర్చి చేసిన కృషికిగాను 1973లో నోబెలు బహుమానమును పంచుకొనెను. మా గుంటగట్టున జరిగినదియు నదియే.

మేకకు తఱచుగా ఈతకు రెండేసి పిల్లలు పుట్టును. పుట్టిన కొలది సేపటికే పిల్ల తడబడుచు లేచి పొదుగు వెదకును. తల్లి దానిని నాకి, వాసన గుర్తుపట్టి, తన పిల్లకు తప్ప మఱియొకదానికి పాలియ్యదు. మా కుక్క సంగతి వేఱు. అది తొమ్మిది వారములు మోసి అయిదు పిల్లలను పెట్టగా, అవి కన్నులు మూసికొని, నిలువలేక, ఒకదానిపై నొకటి ప్రాకుచుండెను. కన్నులు తెఱచుటకు ఇంచుమించు రెండువారములు పట్టెను. ఈ భేద మేల యని యడిగితిని. "మేక పరుగెత్తవలె, కుక్క కఱవవలె" అని మామ్మ యొక్కమాటలో చెప్పెను. ఆలోచింపగా అదియే నిజము. మేకలు, ఆవులు అడవిలో క్రూరమృగములకు వెఱచి బ్రదికిన జాతులు. వాని పిల్లలు పుట్టగనే నిలువలేకున్న మిగులవు. కుక్క తోడేలు సంతతి; గుహలో పిల్లల దాచి పెంచు జాతి. మన పెరటికోడియు నట్లే అడవికోడి సంతతిదే. మనుష్యునియొద్దకు వచ్చి వేలయేండ్లయినను ఇవి తమ యడవి నడవడిని పూర్తిగా మఱువలేదు.

ఇక ఆవు సంగతి. కోడి తన పిల్లకు కావలసిన యాహారము నంతయు ఒకేసారి పెంకులో మూటగట్టి బయట బెట్టును. ఆవు అట్లు చేయక, పిండమును గర్భమందే యుంచుకొని, మాయగుండ దినదినమును తన రక్తమునుండి పోషించును. ఈడేఱిన యావు, చూలు నిలువనిచో, సుమారు ఇరువదియొక్క దినముల కొకసారి ఎదకు వచ్చును. అప్పుడది మేత మాని అఱచును, నిలుకడగా నుండదు. ఆ గుఱుతు కనిపెట్టి ఆబోతుయొద్దకు గాని, కృత్రిమ గర్భోత్పత్తికై పశువైద్యశాలకు గాని తోలుకొనిపోవలెను. గేదె యెద గుర్తించుట యింకను కష్టము. పలుమాఱు అది యఱవనైన నఱవదు.

ఈనుకాలము సమీపింపగా పొదుగు నిండును. తోకకిరువైపుల కండ జాఱును. పశువు మందను విడిచి ఏకాంతమును గోరును. మొదట నీటితిత్తియు, తరువాత ముందుకాళ్ల గిట్టలును, వానిపై నానుకొన్న ముట్టెయు కనబడినచో శుభము. గౌరి తుదియీతను నేను చూచితిని. చూచుచు చేయి చాచగా మామ్మ నా మణికట్టు పట్టుకొని, "కోడిపిల్లను మఱచితివా?" అనెను. నేను చేతులు కట్టుకొని నిలిచితిని. అరగంటకు దూడ నేలబడెను. గౌరి దానిని నాకసాగెను. ఆ నాకుటవలన దూడ యొడలారును, రక్తప్రసారము హెచ్చును, ఊపిరి కుదురును, తల్లీబిడ్డ లొకరినొకరు గుర్తింతురు.

ఇచ్చట మామ్మ చేసిన పొరపాటు నొకదానిని దాచరాదు. మాయ పడువఱకు దూడకు పాలు విడువరాదని ఆమె నమ్మకము. అప్పుడు మా యూరికి వచ్చిన పశువైద్యశాల ఉద్యోగి యొకడు ఆమెకు నచ్చజెప్పెను. మనుష్యశిశువునకు గర్భములోనే తల్లినుండి రోగనిరోధక శక్తి కొంత లభించును. దూడ కట్లు లభింపదు. అది జున్నుపాలలోనే యున్నది. దూడ ప్రేగులు ఆ శక్తిని గ్రహించుట మొదటి కొన్నిగంటలలోనే యధికము. ఒక దినము గడచిన పిమ్మట గ్రహింపలేవు. కావున మాయ పడినను పడకున్నను దూడకు వెంటనే పాలు త్రాగింపవలెను. మామ్మ విని, కొంతసేపు మౌనముగా నుండి, తానే దూడను పొదుగున కందిచ్చెను. డెబ్బది యేండ్ల నమ్మకమును ఒక్కమాటకు మార్చుకొనుట చిన్నపని కాదు.

పశువులవలన మనకు గలుగు మేలు పాలతో ముగియదు. ఆవు పైదవుడకు ముందుపండ్లు లేవు. నాలుకతో గడ్డిని చుట్టి త్రెంచి మ్రింగి, తీరిక వేళ నెమరువేయును. దాని పొట్టకు నాలుగు గదులు. మొదటిగదిలోని సూక్ష్మజీవులు మనకు జీర్ణముకాని గడ్డిని పులియబెట్టి ఆహారముగా మార్చును. మనము తినలేని గడ్డి పాలై మన యింటికి వచ్చుట యిట్లు. మందస కోవాకు పేరు వచ్చినదియు పాడి యుండుటచేతనే గదా. పేడ కొబ్బరిపాదులకు ఎరువగును. ఉద్దానపు ఇసుకనేలలో ఆ యెరువే నీటిని కొంత పట్టియుంచును. ఇన్నిటికిని మేత కావలెను. మాకు బీలయే పచ్చికబయలు. వేసవిలోగూడ అచ్చట తడి యుండును; చర్మమున చెమటగ్రంథులు తక్కువగుటచే ఎండ కోర్వలేని గేదెలు అచ్చటి బురదలో దొర్లి చల్లబడును. 2010లో ఆ బీలలో బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము కట్టదలచినపుడు రైతులును మత్స్యకారులును ఎదిరించిరి. జూలై 14న జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ వార్త విన్న బయటివారు చిత్తడినేలకై ఇంత పోరాట మేల యని యనుకొనియుందురు. అచ్చట మేపుకొన్నవారికి ఆ సందేహము లేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పవలెను. 2017 డిసెంబరు 10వ తేదీన నల్లమ్మకు చూలు నిలిచినట్లు నా నోటుపుస్తకములో వ్రాసికొంటిని. లెక్కప్రకారము 2018 అక్టోబరు 16వ తేదీ ప్రాంతమున అది ఈనవలెను. అక్టోబరు 10వ తేదీ సాయంకాలమునకు సముద్రము వింతగా ఘోషింపసాగెను. తుపాను వచ్చుచున్నదని చాటింపు వేసిరి. దాని పేరు తిత్లీ, అనగా సీతాకోకచిలుక. మా తండ్రి మామయ్య గారింటి ముసలివారిని సురక్షితస్థలమునకు చేర్చుటకై పోవుచు, "చీకటిపడక మునుపే పలుపులన్నియు విప్పుము. కట్టినపశువు గాలికి బ్రదుకదు" అని నాతో చెప్పెను.

నేను మేకలను విప్పి యింటిలోనికి తెచ్చితిని. నల్లమ్మను విప్పితిని. గౌరియొద్దకు వచ్చి యాగితిని. అది విప్పగానే పొరుగువారి వరిచేనిలో పడు నలవాటు గలది. ఆ వారముననే దానిమూలమున నేను తిట్లు తినియుంటిని. పెద్దగాలి వచ్చునప్పుడు విప్పుదునులే యని తలచి, పలుపు నట్లే యుంచి వచ్చితిని. రాత్రి గాలి యెక్కువైన పిమ్మట తలుపు తెఱచుట యెవరికిని సాధ్యము కాలేదు. 11వ తేదీ తెల్లవాఱుజామున పలాస సమీపమున తుపాను తీరము దాటెను. గాలి గంటకు 140 కిలోమీటర్లకు మించిన వేగముతో వీచినది. కొబ్బరిచెట్లు విఱుగు చప్పుడు వరుసగా వినబడుచుండ, నేను దుప్పటిలో ముఖము దాచుకొని ఆ పలుపును గూర్చియే తలచుచుంటిని.

తెల్లవాఱిన పిదప చూడగా తోట లేదు. ఉద్దానమంతటను కొబ్బరి, జీడిమామిడి, పనసచెట్లు నేలకూలియుండెను. సాలగోడ పడిపోయెను. దానిక్రింద గౌరి చచ్చియుండెను. మెడలో పలుపు, పలుపునకు నేను విప్పని ముడి. నల్లమ్మ జాడ లేదు.

ఆ పూట మామ్మ మట్టి తొలగించుచు ఆ ముడిని చూచెను. నా ముఖమును చూచెను. నేను ఏడ్చుచు సంగతి చెప్పితిని. ఆమె, "అడవిలో నుండినచో అది తనదారి తాను చూచుకొనును. మనము మేత పెట్టుదుమని నమ్మి మెడ యొగ్గినది. ముడి వేసినవాడే విప్పవలె, బాబూ, దానికి చేతులు లేవు" అని మాత్రము పలికెను. తండ్రికి చెప్పుటకు నాకు ధైర్యము చాలలేదు.

మూడుదినములు మేము నల్లమ్మను వెదకితిమి. దారులనిండ చెట్లు పడియుండెను. 14వ తేదీ ఉదయమున బీల గట్టున, మొగలిపొదల చాటున అది నిలిచియుండెను. దాని పొదుగుక్రింద బురద యంటిన పెయ్యదూడ పాలు త్రాగుచుండెను. మమ్ము జూచి నల్లమ్మ తల వంచి బుసకొట్టెను. పిమ్మట నా గొంతు గుర్తుపట్టి శాంతించెను. వ్రేళ్లమీద లెక్కింపగా మున్నూట యెనిమిది దినములు. అంత తుపానులోను ఆ లెక్క తప్పలేదు. చాటు వెదకుకొనుట, ఈనుట, నాకుట, జున్నుపాలు త్రాపించుట అన్నియు మనుష్యసహాయము లేకయే జరిగినవి. నేను దానికి చేసిన మేలు ఒక్కటే: పలుపు విప్పుట. గౌరికి చేయనిదియు నదియే.

దూడను భుజమున వేసికొని వచ్చుచున్న మా తండ్రితో దారిలోనే నిజము చెప్పివేసితిని. ఆయన కొంతదూరము మాటలాడక నడచి, "నేను వెనుకకు వచ్చి చూచికొనవలసినది. పదుమూడేండ్ల పిల్లవానిపై వదలి పోయితిని" అనెను. తిట్టియుండిన నాకు సులభముగా నుండెడిది.

గోడ మరల కట్టిరి. మామ్మ బొగ్గుతో దానిపై మొదటి గీత గీచినది పొడలకోడి సంతతిలోని యొక పెట్టకొఱకు.

ఆ బాలిక ప్రశ్నకు నేను మఱునాడు సమాధానము చెప్పితిని. కోడికి సద్దిమూట పెంకులో నున్నదనియు, ఆవునకు మాయలో నున్నదనియు, కాలము వచ్చినపుడు దూడ యెదుగుదలయే తల్లి దేహమునకు తెలియజేయుననియు బొమ్మ గీచి చూపితిని. పిల్లల కది నచ్చినది. అటుపై ఒక్కొక్కరి నడిగితిని: మీ యింట ఏ పశువున్నది, దాని పలుపు ముడి మీకు విప్పుట వచ్చునా? ఇరువదిమందిలో ఆఱుగురికే వచ్చును. ఆనాటి పాఠము తక్కిన భాగమును ఒక త్రాటితోను బల్లకాలితోను జరిపితిని. ప్రశ్న యడిగిన బాలిక యందఱికంటె ముందుగా ముడి విప్పినది. ఈ పత్రికను జదువు చిన్నవారును తమ యింటి సాలకు పోయి ఒకసారి అట్లు చేసి చూతురని నా కోరిక.